నీళ్లలోంచి తీసేది ఏమిటి?

కాలువ కింద సేద్యం చేసే రైతులు ఒకప్పుడు గట్టిగా అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. డ్యామ్ దగ్గర నీళ్లలోంచి కరెంటు తీసేసుకున్నాక కిందికి వదిలే నీళ్లలో ఇంకేం సారం మిగులుతుంది? ఆ నీళ్లు పెడితే పైరు ఎదుగుతుందా?

చదువుకున్నవాళ్లు ఈ మాట విని నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు. ఊరికే ఏదీ రాదు, ఒకచోట ఏదో పుట్టిందంటే ఇంకోచోట ఏదో తగ్గి ఉండాలి అన్న ఆలోచన ఆ ప్రశ్న వెనక ఉంది. భౌతికశాస్త్రం నిలబడ్డ పునాదుల్లో అదొకటి. నీళ్లలోంచి నిజంగానే ఏదో తీస్తున్నారు. అది ఏమిటన్నది తేల్చుకుంటే జలవిద్యుత్తు సంగతి సగం తెలిసినట్టే.

పైరుకు కావాల్సింది పోలేదు

ముందు పంట సంగతి చూద్దాం. ఆంధ్ర, ఒడిశాల సరిహద్దులో, తూర్పు కనుమల మధ్య మాచ్‌ఖండ్ నది పారుతుంది. డుడుమ జలపాతం దగ్గర అది పడే లోతును వాడుకుంటూ 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం మొదలైంది. అదే నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. ఎగువ సీలేరులో 240 మెగావాట్ల కేంద్రం, డొంకరాయి దగ్గర చిన్నది ఒకటి, దిగువ సీలేరులో 460 మెగావాట్లది. ఇన్నిచోట్ల యంత్రాలు తిప్పి, ఆ నీళ్లు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరతాయి.

వేసవి ముంగిట గోదావరిలో సహజ ప్రవాహం పడిపోయినప్పుడు డెల్టాలో దాళ్వా వరిని గట్టెక్కించేది చాలా ఏళ్లలో ఈ సీలేరు నీళ్లే. ధవళేశ్వరానికి ఇన్ని క్యూసెక్కులు కావాలని ఇరిగేషన్ అధికారులు జెన్‌కోను అడుగుతారు. సీలేరు పవర్‌హౌస్‌లలో మిషన్లు తిప్పి ఆ నీళ్లు వదులుతారు. ఒకటి కాదు, వరసగా నాలుగైదు చోట్ల కరెంటు తీసిన నీళ్లు కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ వరి పండిస్తున్నాయి. ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

యంత్రంలోకి వెళ్లిన నీళ్లు ఎన్నో, బయటికి వచ్చిన నీళ్లూ అన్నే. ఒక్క చుక్క తగ్గదు. అందులో కరిగిన ఉప్పులు, ఖనిజాలు అలాగే ఉంటాయి. మారింది ఒక్కటే. పైన ఉన్న నీళ్లు ఇప్పుడు కింద ఉన్నాయి. మనం తీసుకున్నది నీటి ఎత్తును.

ఎత్తులో బలం ఉంటుందంటే నమ్మకం కుదరకపోవచ్చు. అదే నీరు డ్యామ్ లేకుండా ఏటిలోనే దిగి ఉంటే ఆ బలం ఏమయ్యేది? బండలకు కొట్టుకుని, సుడులు తిరిగి, నురుగై, చివరికి వేడిగా మారేది. తొంభై మీటర్లు కిందికి పడిన నీరు ఆ రాపిడి వల్ల ఒక డిగ్రీలో అయిదో వంతు వేడెక్కుతుంది. చెయ్యి పెడితే తెలియనంత తక్కువ వేడి అది. టర్బైన్ గుండా వచ్చిన నీటికి ఆ వేడి దక్కదు, అది కరెంటు రూపంలో మన ఇంటికి వస్తుంది. రైతు అడిగిన 'సారం' అంటే లెక్క ప్రకారం ఇదే. పైరుకు దీనితో పని లేదు.

అయితే రైతు అనుమానంలో ఇంకో నిజం ఉంది, దాన్ని దాటేయకూడదు. పొలానికి నిజంగా సారమిచ్చేది ఒండ్రు. జలాశయంలో నీరు నిలబడగానే ఒండ్రు అడుక్కి దిగిపోతుంది, కింది డెల్టాకు చేరదు. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు లెక్కల్లో 215 టీఎంసీలే ఉంది. తగ్గిన ఆ 93 టీఎంసీల చోటులో కూర్చున్నది కృష్ణ మోసుకొచ్చిన మట్టి. ఇది కరెంటు తీసినందుకు జరిగింది కాదు, నదికి అడ్డం కట్టినందుకు జరిగింది. సాగునీటికి మాత్రమే కట్టిన డ్యామ్‌లోనూ ఇదే జరుగుతుంది.

ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది?

సముద్రం మీది నీటిని ఆవిరి చేసి, మబ్బు చేసి, పడమటి కనుమల మీద కురిపించేది ఎండ. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర దాదాపు 1,300 మీటర్ల ఎత్తున పుట్టి, 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్ర మట్టానికి దిగుతుంది. ఎండ ఇచ్చిన ఎత్తునంతా దారి పొడుగునా కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టేస్తుంది. అలా చెదిరిపోయే ఎత్తును ఒకేచోట పోగుచేయడం డ్యామ్ పని. మైళ్ల పొడుగునా నది నెమ్మదిగా దిగాల్సిన దిగుడును గోడకు అటూ ఇటూ నిలబెట్టేస్తుంది.

శ్రీశైలంలో పూర్తి నీటిమట్టం సముద్రం కంటే 885 అడుగుల ఎత్తు. కింద నాగార్జునసాగర్ నిండితే దాని మట్టం 590 అడుగులు. సాగర్ వెనక నీళ్లు శ్రీశైలం డ్యామ్ పాదాల దాకా వస్తాయి. రెండూ నిండి ఉంటే మధ్య తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. శ్రీశైలం అమ్మేది ఈ 90 మీటర్లనే.

ఇంత ఎత్తు నుంచి దిగిన నీటిలో ఎంత కరెంటు వస్తుంది? చాలామంది ఊహించినదానికంటే చాలా తక్కువ. యంత్రాల్లో పదో వంతు పోయిందనుకుంటే, సుమారు 4,500 లీటర్లు దిగితే ఒక యూనిట్. హైదరాబాద్ వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకరు మొత్తం శ్రీశైలం కొండ మీది నుంచి కుమ్మరిస్తే ఒక యూనిట్‌కు కాస్త పైన. గీజర్‌లో 20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు కాయడానికి దాదాపు అంతే కరెంటు కావాలి. ఒక్క బకెట్ వేడినీళ్లకు ఒక ట్యాంకరు నీళ్లు ముప్ఫై అంతస్తుల ఎత్తు దిగి రావాలన్నమాట. స్విచ్ వేసే ప్రతిసారీ ఈ సంగతి గుర్తుంటే బాగుండును.

ఒక్కో చుక్కలో ఇంత తక్కువ ఉంది కనుకనే జలవిద్యుత్తుకు అంత నీరు కావాలి. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. పూర్తి ఎత్తు ఉన్నప్పుడు శ్రీశైలంలో అది దాదాపు 62 లక్షల యూనిట్లు ఇస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 31 వేలకు నెల రోజులు సరిపోతుంది. జలాశయం మట్టం తగ్గేకొద్దీ అదే టీఎంసీ ఇచ్చే యూనిట్లూ తగ్గుతాయి. నీటి విలువ దాని పరిమాణంలో మాత్రమే లేదు, అది ఎంత ఎత్తున ఉందన్నదానిలోనూ ఉంది.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దుకోవాలి. వరదొచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు చూడటానికి జనం బస్సులు కట్టుకుని వెళతారు. అంత నీరు దూకుతుంటే ఎంత కరెంటు పుడుతోందో అనుకుంటారు. గేట్ల నుంచి దూకే నీరు ఒక్క యూనిట్ కూడా ఇవ్వదు. కరెంటు ఇచ్చే నీరు కంటికి కనిపించకుండా పక్కన గొట్టాల్లో దిగిపోతుంటుంది. రెండు గట్ల మీదా ఉన్న యంత్రాలన్నీ కలిసి తాగగలిగింది డెబ్బై ఎనభై వేల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు.

పోగుచేసిన ఎత్తుకు ధర కూడా ఉంది. నీరు పైకి లేవాలంటే వెనక నేల మునగాలి. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద ఊళ్ల దాకా శ్రీశైలం కింద ఖాళీ అయ్యాయి. ఏటా నీటిమట్టం పడిపోయినప్పుడు జలాశయంలో మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మునిగిన ఊళ్లు మాత్రం మళ్లీ ఊళ్లు కాలేదు. జలవిద్యుత్తు చవకైనదని చెప్పే లెక్కల్లో ఆ ఊళ్లవాళ్లు కోల్పోయింది ఏనాడూ సరిగా ఎక్కలేదు.

గొట్టంలో దిగి, చక్రాన్ని తిప్పి

నీటిని జలాశయం నుంచి పవర్‌హౌస్‌కు దించే ఉక్కు గొట్టాన్ని పెన్‌స్టాక్ అంటారు. మనిషి నిలువునా నడిచి వెళ్లేంత పెద్దది. అది ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబట్టి పైనున్న నీటి బరువంతా కింది చివర ఒత్తిడిగా తెలుస్తుంది. 90 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా తొమ్మిది కిలోల బరువు.

గొట్టం చివర టర్బైన్‌ చుట్టూ ఒక చుట్టు తిరుగుతుంది. తిరిగేకొద్దీ సన్నబడుతుంది, నీరు అన్ని వైపుల నుంచీ ఒకే జోరుతో లోపలికి వెళ్లడానికి. లోపలి అంచున వరసగా నిలువు తలుపులు ఉంటాయి, వాటికి గైడ్ వేన్లని పేరు. అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, ఒకేసారి మూసుకుంటాయి. వాటి సందుల్లోంచి ఏటవాలుగా దూసుకొచ్చిన నీరు నడుమ ఉన్న ఉక్కు చక్రపు వంపు రెక్కలను నెట్టి, తన జోరంతా వాటికిచ్చేసి, అడుగు నుంచి నెమ్మదిగా నదిలోకి జారుతుంది. బయటికొచ్చే నీరు ఎంత నిదానంగా ఉంటే అంత బాగా పని చేసినట్టు. ఈ రకం చక్రానికి రూపం ఇచ్చింది జేమ్స్ ఫ్రాన్సిస్, 1848 ప్రాంతంలో, అమెరికాలో బట్టల మిల్లులు నడపడం కోసం. శ్రీశైలంలోనూ సాగర్‌లోనూ ఉన్నవి ఫ్రాన్సిస్ టర్బైన్లే.

అన్ని చోట్లా ఇదే చక్రం పనికిరాదు. నీలగిరుల్లో 1932లో మొదలైన పైకారా కేంద్రంలో నీరు 900 మీటర్లకు పైగా దిగుతుంది. నీరు తక్కువ, ఎత్తు చాలా ఎక్కువ. అక్కడ సన్నని ధారగా వదిలి, చక్రం అంచున వరసగా ఉన్న దొప్పలను కొట్టిస్తారు. ఇది పెల్టన్ చక్రం. జూరాల దగ్గర దీనికి పూర్తిగా తలకిందులు. ఎత్తు ఇరవై మీటర్ల చిల్లర, నీరు మాత్రం ధారాళం. అలాంటిచోట కొద్ది రెక్కలు మాత్రమే ఉన్న పెద్ద చక్రాన్ని నీటి దారిలోనే అమరుస్తారు. ఏ నదికి ఏ చక్రమో ఆ చోటి ఎత్తే నిర్ణయిస్తుంది.

శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ కొండ లోపల, భూగర్భంలో ఉంది. అక్కడ 150 మెగావాట్ల యంత్రాలు ఆరు. కుడిగట్టున 110 మెగావాట్లవి ఏడు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. నీటితో నడిచే కేంద్రమే అయినా లోపల ఉండేది భారీ కరెంటు. సొరంగంలో పొగ కమ్మితే బయటపడే దారి దొరకదు. మనకు వెలుగు పంపే చోట మనుషులు ఎలాంటి పనిలో ఉన్నారో ఆ రాత్రి తెలిసింది.

తిరిగితే కరెంటు ఎందుకు వస్తుంది?

1831లో మైకేల్ ఫారడే గమనించిన సంగతి చిన్నది. రాగితీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పారుతుంది. కదలిక ఆగితే కరెంటూ ఆగుతుంది. మన పవర్‌హౌస్‌లన్నీ ఈ ఒక్క సంగతి మీదే నడుస్తున్నాయి. టర్బైన్ చక్రం నుంచి పైకి ఒక లావుపాటి ఇరుసు వెళుతుంది. దాని కొసన పెద్ద విద్యుదయస్కాంతాలు బిగించి ఉంటాయి. చుట్టూ గోడలా రాగి చుట్టలు కదలకుండా ఉంటాయి. లోపల అయస్కాంతాలు తిరుగుతుంటే బయటి రాగిలో కరెంటు పుడుతుంది.

ఇక్కడ ఆగి ఒకటి ఆలోచించాలి. ఇరుసు తేలిగ్గా తిరిగేదైతే, అంత నీరు దాన్ని తోయాల్సిన పని ఏముంది? దీనికి జవాబు పాత సైకిలు డైనమోలో ఉంది. వెనక చక్రం పక్కన బిగించిన ఆ చిన్న సీసాలాంటి వస్తువును రాత్రి పూట టైరుకు ఆనించి తొక్కినవాళ్లకు ఇది కాళ్లలో గుర్తుంటుంది. డైనమో ఆనించగానే సైకిలు బరువెక్కుతుంది. అదే రోడ్డు, అదే గాలి, అయినా తొక్కడం కష్టమవుతుంది. టైరుకు రాసుకోవడం వల్ల కొంత, కానీ అదొక్కటే కాదు. లైటు తీగ తెగిపోతే తొక్కడం మళ్లీ తేలికపడుతుంది. లైటు వెలిగినప్పుడే బరువు. తీగలో కరెంటు పారగానే ఆ తీగ కూడా ఒక అయస్కాంతమై, తిరిగే అయస్కాంతాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడును ఓర్చుకుంటూ కాలు చేసే పనే లైటులో వెలుగు. ఆగినప్పుడు లైటు ఆరిపోవడం, గట్టిగా తొక్కితే వెలుగు పెరగడం, అన్నీ దీనిలోవే.

పవర్‌హౌస్‌లో కాలి స్థానంలో నీరుంది. గుంటూరులో ఎవరో మోటారు వేస్తారు, వరంగల్‌లో ఎవరో ఏసీ వేస్తారు. ఆ క్షణాన శ్రీశైలంలో తిరిగే ఇరుసు మీద లాగుడు రవ్వంత పెరుగుతుంది. ఇరుసు నెమ్మదించబోతుంది. అది కుదరదు, ఎందుకంటే దేశంలో గ్రిడ్‌కు కలిసిన కేంద్రాలన్నీ సెకనుకు 50 సార్లు ఊగే కరెంటునే ఇవ్వాలి. అందుకని గవర్నర్ అనే యంత్రం వేగాన్ని కనిపెడుతూ, గైడ్ వేన్లను ఇంకాస్త తెరిచి నీరు పెంచుతుంది. వాడకం తగ్గితే మూస్తుంది.

ఈ తలుపులు ఎంత తొందరగా కదులుతాయన్నదే జలవిద్యుత్తు అసలు గొప్పతనం. బొగ్గు కేంద్రంలో బాయిలరు వేడెక్కి యంత్రం తిరగడానికి గంటలు పడుతుంది. నీటి యంత్రం నిమిషాల్లో లేస్తుంది, నిమిషాల్లో ఆగుతుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్న సంగతి అందరికీ గుర్తే. ఆ కాస్సేపట్లో దేశంలో వాడకం సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది. గ్రిడ్ కుప్పకూలకుండా కాచుకోవడంలో పెద్ద వంతు జలవిద్యుత్ కేంద్రాలదే. వాటి ఉత్పత్తిని దాదాపు 17,500 మెగావాట్లు దించి, లైట్లు వెలగగానే మళ్లీ ఎత్తారు.

పుట్టిన కరెంటును ట్రాన్స్‌ఫార్మర్లతో వోల్టేజి పెంచి దూరాలకు పంపుతారు. ఇది మనకు పాత విద్యే. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలార్ బంగారు గనులకు కరెంటు వెళ్లింది.

ఎత్తు కోసం తగాదా

టర్బైన్ నీటిని తాగేయదు, అందుకని విద్యుత్తుకు వాడిన నీటికి నష్టమేమీ లేదని పుస్తకాల్లో రాస్తుంటారు. ఆ మాట సగమే నిజం. ఎత్తు పోయిందని ముందే అనుకున్నాం కదా. రాయలసీమలో నందికొట్కూరు వైపు రైతుకు కావాల్సింది ఆ ఎత్తే.

శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు, చెన్నైకి నీళ్లిచ్చే తలుపు పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్. దాని గడప 841 అడుగుల దగ్గర ఉంది. నీటిమట్టం అంతకంటే దిగితే జలాశయంలో ఇంకా ఎన్ని టీఎంసీలు ఉన్నా అటు చుక్క పోదు. గడప మీద నీరు పల్చగా ఉంటే కాలువలో పారేదీ పల్చగానే ఉంటుంది. అందుకే మట్టం 854 అడుగులకు తగ్గనివ్వొద్దని సీమ రైతులు పట్టుబడతారు. టర్బైన్‌కు ఆ ఇబ్బంది లేదు, దాని నోరు చాలా కిందుంది. శ్రీశైలాన్ని 1963లో ఆమోదించింది విద్యుత్ ప్రాజెక్టుగానే, మా ఎత్తిపోతలకు కరెంటు కావాలి అన్నది తెలంగాణ వాదన. 2021లో ఇది రెండు రాష్ట్రాల పోలీసులు ప్రాజెక్టుల దగ్గర మోహరించేదాకా వెళ్లింది.

నాకు తోచింది చెబుతాను. సాగర్ ఆయకట్టుకు నీరు కావాల్సినప్పుడు ఎలాగూ శ్రీశైలం నుంచే దిగాలి. అది టర్బైన్ల గుండా దిగితే అందరికీ లాభం, అందులో పేచీ ఉండకూడదు. కింద ఎవరికీ అవసరం లేని రోజుల్లో, పైన మట్టం ఇంకా అందనప్పుడు కరెంటు కోసమే దించితే మాత్రం సీమ నోటి దగ్గరి ఎత్తు పోతుంది. పోయిన ఎత్తును మళ్లీ కొనాలంటే ధర ఎక్కువ. 62 లక్షల యూనిట్లు ఇచ్చి దిగిన టీఎంసీని తిరిగి 90 మీటర్లు ఎత్తాలంటే 80 లక్షల యూనిట్లు కావాలి.

దిగిన నీరు మళ్లీ పైకి

ఈ నష్టం తెలిసి కూడా నీటిని పైకి ఎత్తే కేంద్రాలు ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు యంత్రాలు, సాగర్‌లో ఏడు యంత్రాలు రెండు వైపులా తిరుగుతాయి. నీరు దిగితే అవి కరెంటిస్తాయి. కరెంటు ఇచ్చి వెనక్కి తిప్పితే అదే చక్రం పంపై, కింది నీటిని జలాశయంలోకి తోస్తుంది. పెట్టిన నాలుగు యూనిట్లకు తిరిగొచ్చేది మూడు.

నాలుగో వంతు పోగొట్టుకోవడానికి ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు? కరెంటును గాదెలో పోసి దాచుకోలేం కనుక. మధ్యాహ్నం సోలార్ ప్యానెళ్లు వాడకాన్ని మించి ఇస్తాయి, సాయంత్రం ఏడింటికి అందరూ లైట్లు, ఫ్యాన్లు వేసేసరికి అవి సున్నా. మధ్యాహ్నం మిగులు కరెంటుతో నీటిని ఎత్తిపెట్టి, సాయంత్రం దించుకుంటే పోయిన ఆ వంతు పెద్ద లెక్క కాదు. చిక్కల్లా ఏమిటంటే, కింద నీరు ఉండాలి. సాగర్ మట్టం బాగా పడిపోయిన ఏడాది శ్రీశైలం పాదాల దగ్గర తోడటానికి నీరే ఉండదు, పంపులు ఉత్తవే.

అందుకని ఇప్పుడు నదికి దూరంగా, కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, ఒకే నీటిని వాటి మధ్య తిప్పే పద్ధతి వచ్చింది. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్లకు కట్టింది ఈ రకమే. మొదటిసారి నింపాక ఆవిరైపోయినంత నీటిని భర్తీ చేస్తే సరిపోతుంది. ఇలాంటి కేంద్రం వల్ల మొత్తం మీద కరెంటు పెరగదు, తరుగుతుంది. మధ్యాహ్నపు యూనిట్‌ను రాత్రికి చేర్చడం ఒక్కటే దాని పని. రాయలసీమలో ఎండా ఉంది, చెరువు కట్టడానికి వీలైన కొండలూ ఉన్నాయి. ఏ కొండ మీద కడతారు, అక్కడి పశువుల బీడు, అడవి ఎవరివి అన్నది శ్రీశైలం మునక ఊళ్ల అనుభవం ఉన్న జిల్లాలో మొదటే అడగాల్సిన ప్రశ్న.